కుర్చీల గాలయ్య

గాలయ్యను, కుర్చీని ఒకే గదిలో వదిలి తలుపు వేయకూడదు. వేస్తే మళ్లీ తలుపు తీసేసరికి గాలయ్య ఉంటాడు, కుర్చీ ఉండదు. ముంబై దగ్గరి భివండిలో, కనేరి పేట దాటాక ఉన్న తెలుగువాళ్ల వృద్ధాశ్రమంలో ఈ సంగతి తెలియని ప్రాణి లేదు. వంటింటి చుట్టూ తిరిగే పిల్లి కూడా కుర్చీల మీద పడుకోవడం మానేసి గోడ మీద పడుకోవడం మొదలుపెట్టింది.

ముసలితనంలో కొందరికి షుగర్ వస్తుంది, కొందరికి బీపీ వస్తుంది. గాలయ్యకు కుర్చీలు వచ్చాయి. అంతకుముందు ఆయనలో అలాంటి లక్షణాలేవీ కనిపించలేదు. డెబ్బై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు. మీసాలు రాని వయసులో కరీంనగర్ వైపు నుంచి భివండికి వచ్చి, మరమగ్గాల మధ్య నిలబడి జన్మంతా బట్ట నేశాడు. అన్నం తప్ప మిగతావన్నీ నిలబడే కానిస్తాడు. టీ నిలబడి తాగుతాడు, పేపరు నిలబడి చదువుతాడు, ఒక్కోసారి కిటికీకి ఆనుకుని నిలబడే కునుకు తీస్తాడు. అసలు కూర్చోని మనిషికి అన్ని కుర్చీలు దేనికో ఎవరికీ అంతుపట్టలేదు.

అందరికన్నా ఎక్కువగా అంతుపట్టనిది హెప్సిబాకు. ఆశ్రమం బాగోగులన్నీ చూసుకునేది ఆవిడే. నలభై ఏళ్ల మనిషి, కనేరిలోనే ఒక చిన్న ఒంటిగది ఖోలీలో పుట్టి పెరిగింది, తండ్రి మగ్గాల మీద పనిచేశాడు. నర్సు చదువు చదివి, ఠాణేలో కొన్నేళ్లు ఆసుపత్రి ఉద్యోగం చేసి, ఈ ముసలివాళ్ల మీద ప్రేమ కొద్దీ ఇక్కడికి వచ్చేసింది. ఆవిడకు ఒకటే బలహీనత. ఏదైనా ఒక పని ఎందుకు జరుగుతోందో తెలియకపోతే అన్నం సహించదు. గాలయ్య పుణ్యమా అని ఆవిడ ఆ రోజుల్లో బాగా చిక్కిపోయింది.

మొదట పోయిన కుర్చీ ఆశ్రమంలోనే ఉండే గంగాబాయిది. మధ్యాహ్నం భోజనం చేసి ఒక్క కునుకు తీసి లేచేసరికి కుర్చీ లేదు. గాలయ్యను నిలదీస్తే, కుర్చీ కాలు వంకరగా ఉందనీ, సీదా చేయడానికి తీసుకుపోయాననీ చెప్పాడు. మర్నాడు ఇంకో ముసలాయన నోవహు కుర్చీ పోయింది. దానికి నల్లులు పట్టాయట, ఎండలో పెట్టాడట. ప్లాస్టిక్ కుర్చీకి నల్లులేమిటని నోవహు మర్యాదగానే అడిగాడు.

"గివి కొత్త జాతి," అన్నాడు గాలయ్య.

ఆ తర్వాత సాకులు వెతికే ఓపిక కూడా లేకుండా పోయింది. హెప్సిబా ఒకసారి దారికి అడ్డంగా నిలబడి, కుర్చీని ఎక్కడికి మోసుకుపోతున్నావని అడిగింది. "జర తిప్పుకస్త బిడ్డా. ఒక్క కాడనే పడి ఉంటె దానికి మోకాళ్లు పట్టుకుంటయి," అని ఆవిడ పాఠం ఆవిడకే అప్పజెప్పి వెళ్లిపోయాడు. సాయంత్రం టీ గంట కొట్టేసరికి ఏ కుర్చీ ఆ చోట, తుడిచి మరీ ఉండేది.

పాఠం అంటే ఏమిటో చెప్పాలి. ఆశ్రమం ఉన్న షెడ్డు ఒకప్పుడు మగ్గాల కార్ఖానా. యజమాని మగ్గాలన్నీ తుక్కు కింద అమ్ముకున్నాక తెలుగు సమాజం వాళ్లు ట్రస్టు పెట్టి షెడ్డును తీసుకుని, గోడలకు సున్నం వేసి, నేలకు తెల్లటి టైల్స్ పరిచి వృద్ధాశ్రమం చేశారు. ధామన్కర్ నాకా దగ్గర క్లినిక్ నడిపే పూనం అనే ఫిజియోథెరపీ డాక్టరు కొన్ని వారాలు వచ్చి, ముసలివాళ్లు కింద పడకుండా బ్యాలెన్స్ పెంచుకునే కసరత్తులు నేర్పింది. కుర్చీ వెనక నిలబడి వీపు పట్టుకుని ఒక కాలు లేపాలి. కొన్నాళ్లకు రెండు చేతులు పోయి ఒక చెయ్యి, తర్వాత ఒక వేలు, ఆ తర్వాత ఏ ఆసరా లేకుండా నిలబడాలి. మడమ ముందు మడమ పెట్టి గీత మీద నడవాలి. దారిలో కాలికి తగిలేవేవీ ఉంచొద్దని కూడా చెప్పి వెళ్లింది. హెప్సిబా ఆ మాట పట్టుకుని హాలులో ఉన్న బీరువాలు, బల్లలు, చాపలు అన్నీ తీయించేసింది. ఆ తర్వాత హాలు ఎంత పెద్దదిగా కనిపించిందంటే, ఈ చివర తుమ్మితే ఆ చివర ఎవరో అతిథి వచ్చారని లేచేవాళ్లు.

గాలయ్య కసరత్తులకు వచ్చేవాడు గాని పెద్దగా గౌరవించేవాడు కాదు. దేవుడు రెండు కాళ్లు ఇస్తే ఒక కాలు మీద నిలబడడమేమిటని అడిగి, ఒక కాలు మీద నిలబడి, పక్కవాళ్లతో ఊళ్లో సంగతులన్నీ మాట్లాడుతూ ఉండేవాడు. ఆయన్ను అదుపులో పెట్టగలిగిన మనిషి ఆశ్రమం మొత్తంలో ఒక్క సత్తెమ్మే.

సత్తెమ్మ కార్ఖానాల్లో కండెలు చుట్టిన మనిషి. మగ్గం నాడెలో పెట్టే నూలు కండెలను యంత్రం మీద చుట్టి, గంపకెత్తుకుని, మగ్గాల మధ్య సందుల్లో తిరుగుతూ నేతగాళ్లకు అందించేది. ఆవిడ గొంతు మగ్గాల హోరును మించి వినిపించేదని చెప్పుకుంటారు. ఆశ్రమంలో మగ్గాలు లేకపోయినా గొంతు తగ్గలేదు. గాలయ్య గబగబా తింటాడని తిట్టేది, నెమ్మదిగా తింటే రొట్టె ఎండిపోతోందని తిట్టేది, తొక్కు పచ్చడి ఎక్కువ వేసుకుంటాడని ప్రతిరోజూ తిట్టేది. ఆయన వదినా వదినా అంటూ ఆ తిట్లన్నీ నంజుకుని తినేవాడు. మిగతావాళ్లకు అదొక కాలక్షేపం.

అలాంటి సత్తెమ్మ ఒకరోజు కసరత్తు చేస్తూ, హాలు నడుమ, అందరూ చూస్తుండగా పడిపోయింది. మణికట్టు చిట్లింది. కట్టు కట్టారు, విప్పారు, ఎముక అతుక్కుంది. కాళ్లకు ఏమీ కాలేదని, మనిషి నిక్షేపంగా నడవగలదని డాక్టరు చెప్పాడు. సత్తెమ్మ మాత్రం మంచం దిగలేదు. పక్కన మనిషిని పట్టుకుని బాత్‌రూం దాకా వెళ్లేది, అంతే. హాలులోకి తీసుకురాబోతే గుమ్మం దగ్గరే కళ్లు మూసుకుని నేల ఊగుతోందని వెనక్కి తిరిగేది. ఎవరి కంటా పడకూడదని, వెనక వైపున్న పాత నూలు గదిలోకి మంచం వేయించుకుంది. భోజనం కూడా అక్కడికే పంపాల్సి వచ్చేది.

ఇక్కడే చిక్కొచ్చి పడింది. ఆశ్రమం నియమం ప్రకారం తమ కాళ్ల మీద భోజనానికి రాగలిగినవాళ్లే అక్కడ ఉండాలి. మంచాన పడ్డవాళ్లను చూసుకునేంత మంది పనివాళ్లు లేరు. ట్రస్టు పెద్ద నర్సింగ్ సేట్ కఠినుడేమీ కాదు, పండక్కి అందరికీ బట్టలు పెడతాడు. కాకపోతే ఒకరికి సడలిస్తే రేపు అందరికీ సడలించాల్సి వస్తుందని ఆయన భయం. వచ్చే నెల మొదటి ఆదివారం భోజనానికి వస్తానని, ఆ రోజు సత్తెమ్మ నడిచి బల్ల దగ్గరికి వస్తే సరే, లేకపోతే కల్యాణ్ అవతల మంచం పట్టినవాళ్లను చూసుకునే చోటికి పంపించేద్దామని చెప్పి వెళ్లాడు. అక్కడ తెలుగు ముక్క తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. సత్తెమ్మ అక్కడ ఎవరితో మాట్లాడుతుందో, ఎవర్ని తిడుతుందో తలచుకుంటే హెప్సిబాకు గుండె బరువెక్కేది. నడిపించడానికి చేయని ప్రయత్నం లేదు. బతిమాలింది, కోప్పడింది, సత్తెమ్మకు ఇష్టమైన సర్వపిండి చేసి హాలు అవతలి చివర పెట్టి పిలిచింది. సర్వపిండిని గాలయ్య తినేశాడు.

సరిగ్గా ఈ గొడవలోనే కుర్చీలు మాయం కావడం మొదలైంది. ఒక వైపు సత్తెమ్మ బెంగ, ఇంకో వైపు రోజూ మధ్యాహ్నం కుర్చీల పంచాయితీ. హెప్సిబాకు తల తిరిగిపోయింది.

గంగాబాయి ఒకప్పుడు మగ్గాల యజమాని భార్య. సొంత ఆస్తి దొంగల పాలవుతుంటే చూస్తూ ఊరుకునే రకం కాదు. కుర్చీని నూలు తాడుతో కిటికీ ఊచకు కట్టేసింది. గాలయ్య జన్మంతా తెగిన పోగులు ముడేసిన మనిషి, ఆయనకు ముడి ఒక లెక్కా? విప్పి తీసుకుపోయాడు. సాయంత్రం తెచ్చి, ఆవిడ వేసిన ముడి నాసిరకంగా ఉందని తనే గట్టిగా ఇంకో ముడి వేసి వెళ్లాడు. దాన్ని ఆశ్రమంలో ఎవరూ విప్పలేక చివరికి వంటింటి కత్తితో కోశారు.

దాంతో గంగాబాయి కుర్చీ దిగడమే మానేసింది. కసరత్తుల వేళకు అందరూ లేచి కుర్చీల వెనక్కి వెళ్లినా ఆవిడ కదల్లేదు. హెప్సిబా వెళ్లి చెప్పబోతే ఆవిడ న్యాయం అడిగింది.

"నేను లేస్తె కుర్సీ పోతది. నువ్వే చెప్పు హెప్సిబా, నా కాలు గట్టివడాల్నా, నా కుర్సీ ఉండాల్నా?"

ఆవిణ్ణి చూసి ఇంకో ఇద్దరు ముగ్గురు కూర్చుండిపోయారు. కొన్నాళ్లు ఇలాగే సాగితే కసరత్తుల తరగతిలో నిలబడేది హెప్సిబా ఒక్కతే అయ్యేలా ఉంది. అది చాలదన్నట్టు దుప్పట్లు కూడా పోవడం మొదలైంది. కుర్చీతో పాటు దుప్పటి ఎందుకు? కుర్చీలకు చలి వేస్తోందా? నోవహు చాలా ఆలోచించి, గాలయ్య ఎక్కడో రహస్యంగా డేరా వేస్తున్నాడని తేల్చాడు. గంగాబాయి తుక్కు వ్యాపారిని అనుమానించింది. సాయంత్రానికి తిరిగొచ్చే తుక్కు ఎక్కడైనా ఉంటుందా అని హెప్సిబా అడిగితే, అదే కదా వాడి తెలివి అని జవాబిచ్చింది.

హెప్సిబా వెతికింది. సామాన్ల గదికి తాళం ఉంది. వంటింట్లో లేవు. పెరట్లో లేవు. సత్తెమ్మ నిద్ర చెడగొట్టడం ఇష్టం లేక నూలు గది వైపు మాత్రం వెళ్లలేదు. గాలయ్యనే సూటిగా అడిగితే, అంత వాగుడు మనిషీ పైకప్పు రేకుల వంక చూస్తూ ఊరుకున్నాడు. అది ఆవిడను మరీ కలవరపెట్టింది. గాలయ్య మాట్లాడలేదంటే అందులో ఏదో గట్టి విషయమే ఉండాలి.

అప్పుడు ఆవిడకు ఒక సంగతి తట్టింది. కుర్చీలు పోయేది మధ్యాహ్నం కునుకు వేళ, తను మందులకూ కూరగాయలకూ బజారుకు వెళ్లే వేళ. మర్నాడు ఆవిడ సంచి తీసుకుని, అందరికీ వినపడేలా ధామన్కర్ నాకాకు పోయొస్తానని చెప్పి, రిక్షా ఎక్కి, వీధి మలుపులో దిగి, పెరటి వైపు నుంచి లోపలికి వచ్చింది.

రహస్యం దాచడానికి గాలయ్యకు ఉన్న పెద్ద ఆటంకం ఆయన గొంతు. మగ్గాల హోరులో బతికిన మనిషికి గుసగుస చేతకాదు. ఇన్నాళ్లూ బయటపడకపోవడానికి కారణం ఒకటే, మిగతావాళ్లూ మగ్గాల వాళ్లే, కునుకులో ఉంటే పక్కన బాంబు పేలినా లేవరు. హెప్సిబా పెరట్లోకి అడుగు పెట్టగానే ఆయన రహస్యం మాట్లాడడం స్పష్టంగా వినిపించింది.

"ఎక్కడిదాక వచ్చినవ్ ఒదినె?"

"చూడకు. చూస్తె నీ కథ చెప్త."

"చూస్తలేను. అడుగుతున్న."

ఆ గొంతు సత్తెమ్మది. హెప్సిబా నూలు గది కిటికీ దగ్గరికి వచ్చి లోపలికి చూసింది.

మంచం దగ్గర నుంచి తలుపు దాకా రెండు వరుసలుగా కుర్చీలు నిలబెట్టి ఉన్నాయి. వాటి వీపులు లోపలి వైపుకు తిరిగి, నడుమ మనిషి పట్టేంత సందు ఉంది. ప్రతి వరుస మీదా దుప్పట్లు బిగించి కట్టి ఉన్నాయి. ఆ సందులో సత్తెమ్మ నడుస్తోంది. రెండు చేతులూ రెండు వైపులా దుప్పట్ల మీద ఆనించి, జరుపుకుంటూ, ఒక అడుగు ముందు ఇంకో అడుగు వేసుకుంటూ వస్తోంది. తలుపు దగ్గర గాలయ్య ఆవిడకు వీపు పెట్టి, గోడ వంక చూస్తూ నిలబడి ఉన్నాడు.

"గంత సేపా? గీ పాటికి సాంచెలన్ని కండెలు లేక ఆగిపోతుండె. సేట్ పగార్ కోస్తుండె," అన్నాడు గోడతో. సాంచెలంటే వాళ్ల భాషలో మగ్గాలు, పగార్ అంటే జీతం.

"నీ సాంచెలు కాలిపోను. ఇటు దిక్కు బట్ట వదులున్నది, జర గుంజి కట్టు," అంది సత్తెమ్మ, ఇంకో అడుగు వేస్తూ.

హెప్సిబాకు కళ్లు చెమర్చాయి. మరుక్షణం నర్సు బుద్ధి మేలుకుంది. ఆ ప్లాస్టిక్ కుర్చీలు గట్టిగా ఆనితే జారిపోతాయి. అరిస్తే సత్తెమ్మ బెదురుతుంది. అందుకని సత్తెమ్మ మంచం దాకా తిరిగి వెళ్లి కూర్చునే వరకు కిటికీ దగ్గరే ఆగి, అప్పుడు లోపలికి వెళ్లింది.

దొంగ దొరికిపోయినా ముఖం ముడుచుకోలేదు. కుర్చీలకు నల్లులు పట్టాయని మొదలుపెట్టబోయాడు. హెప్సిబా ఆయన్ను ఊరుకోమని సైగ చేసి, సత్తెమ్మ పక్కన కూర్చుని, హాలులో ఊగిన నేల ఇక్కడ ఎందుకు ఊగడం లేదని అడిగింది. సత్తెమ్మ కాసేపు దుప్పటి అంచు సవరించింది.

"కండెల గంప సంకల వెట్టుకోని సాంచెల నడుమ తిరిగిన దాన్ని బిడ్డా. ఇటు చెయ్యి చాపితె బట్ట, అటు చాపితె బట్ట. ఇంట్ల ఖోలి కూడ గంతే, చెయ్యి చాపితె గోడ. నువ్వు నన్ను తెచ్చి ఉత్త మైదానంల నిలవెట్టినవ్. నేనేం పట్టుకోవాలె?"

హెప్సిబాకు తన చిన్నతనం గుర్తొచ్చింది. చిన్నప్పుడు తండ్రికి అన్నం డబ్బా పట్టుకుని ఆ సందుల్లోంచే నడిచేది. అటూ ఇటూ కదిలే మగ్గాలను చూసి ఎప్పుడూ భయం వేయలేదు, కార్ఖానా బయట రోడ్డు దాటాలంటేనే భయం వేసేది. పూనం డాక్టరు చెప్పింది తప్పు కాదు. దారిలో అడ్డు ఉంటే చాలామంది పడతారు. ఈ ఒక్క మనిషికి మాత్రం అడ్డే ఆసరా అని తనకు తట్టలేదు. తనకన్నా ముందు గాలయ్యకు తట్టినందుకు కొంచెం ఈర్ష్య కూడా కలిగింది.

మరి ఈ మాట ముందే చెప్పొచ్చు కదా, ఇంటిల్లిపాదీ దొంగ దొంగ అంటుంటే ఎందుకు ఊరుకున్నావని ఆయన్ను అడిగింది.

"ఒదినె ఒట్టు వెట్టించుకున్నది. ఒకపారి అందరి నడుమ పడ్డది. మల్ల అందరి నడుమ తూలుకుంట నడుస్తదా?"

"దొంగ అన్నరు కద కాక."

"అంటె ఏమైతది? గీ వయసుల నాకు పిల్లనిచ్చేటోళ్లు వచ్చి అడుగుతరా?"

"నీకెందుకు మరి ఇంత బాధ?"

గాలయ్య కుర్చీ మీద దుప్పటి విప్పి మడతపెట్టసాగాడు. మడత సరిగ్గా రాకపోతే మళ్లీ విప్పాడు.

"తిండి కాడ తిట్టేటోళ్లు లేరు బిడ్డా. మీరందరు మర్యాద చేస్తున్నరు. రొట్టె దిగుతలేదు."

సత్తెమ్మ గోడ వైపుకు తిరిగి, ముసలోడికి సిగ్గు లేదని ఏదో గొణిగింది. గొణిగినా అది పెరటి దాకా వినిపించింది.

ఆ రోజు నుంచి దొంగలు ముగ్గురయ్యారు. హెప్సిబా మొదట గాలయ్యను తనివితీరా కోప్పడింది. కుర్చీ ఒక్కటి జారినా రెండో మణికట్టు కూడా పోయేదని చెప్పి, చేత్తో తోసి చూపించింది. కుర్చీ గోడ దాకా జారింది. ఆ సంగతి ఆయన ఆలోచించలేదు. వెంటనే వంటింట్లోకి వెళ్లి, వంటమనిషి చూస్తుండగానే బియ్యం సంచి భుజానికెత్తుకోబోయి, నడుం పట్టేసి, సగం దారిలో ఉండిపోయాడు. మిగతా సంచులను హెప్సిబా చిన్న చిన్నవిగా కట్టి తెచ్చింది. కుర్చీల్లో బియ్యం, కందిపప్పు, గోధుమపిండి సంచులు పెట్టి, కాళ్లను ఒకదానికొకటి కట్టారు. ముడులు గాలయ్యవే.

హెప్సిబా సత్తెమ్మ వెనకే, నడుం దగ్గర చెయ్యి ఉంచి నడిచేది. పూనం డాక్టరు నేర్పిన పద్ధతి ఇక్కడ పనికొచ్చింది. ఆసరాను కొద్దికొద్దిగా తగ్గించాలి. మొదట ఒక వైపు దుప్పటి తీశారు. తర్వాత కుర్చీల మధ్య దూరం పెంచారు. తర్వాత ఒక చేత్తోనే నడవమన్నారు. సత్తెమ్మ ప్రతి కుర్చీకీ బేరమాడింది. ఇవాళ ఇది తీస్తే రేపు ఇంకోటి తీయకూడదనేది. గాలయ్య సరేనని, మర్నాడు రెండు తీసేవాడు. ఆవిడ తిట్టుకుంటూ నడిచేది. తిడుతున్నప్పుడు ఆవిడ అడుగు తడబడడం లేదని హెప్సిబా గమనించింది గాని పైకి అనలేదు.

అయినా ఆదివారం దగ్గర పడేసరికి హాలు గుమ్మం దాటలేకపోయింది. గుమ్మంలో నిలబడి ఆ తెల్లటి నేల వంక చూసి మళ్లీ మంచం దారి పట్టేది. హెప్సిబా ఆలోచించి, ఇక దాచి లాభం లేదని సత్తెమ్మతో చెప్పింది. సందును నూలు గది నుంచి హాలు అవతల భోజనాల బల్ల దాకా వేయాలి. అందుకు ఆశ్రమంలో ఉన్న ప్రతి కుర్చీ కావాలి. అందరికీ తెలియాలి, అందరూ చూస్తారు. సత్తెమ్మ, చూడనివ్వు, కల్యాణ్ పోయి పరాయోళ్ల నడుమ పడుకునే కంటే మనోళ్ల నడుమ పడుడే నయం అంది.

ఆదివారం పొద్దున గాలయ్య మొదటిసారిగా కుర్చీలు అడిగి తీసుకున్నాడు. ఎవరూ నమ్మలేదు. ఇది కొత్త ఎత్తుగడ అనుకున్నారు. హెప్సిబా అందరినీ కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పింది. నోవహు లేచి తన కుర్చీని తానే మోసుకొచ్చి వరుసలో పెట్టాడు. ఒక్కొక్కరే లేచారు. గంగాబాయి అందరికన్నా ఆఖరున లేచింది. కుర్చీని కొంగుతో తుడిచి, గాలయ్య చేతికిచ్చింది.

"నేనే ఇస్తున్న. నువ్వు ఎత్తుకపోతున్నవని అనుకోకు," అంది. తర్వాత తన మంచం మీది కొత్త దుప్పటి తెచ్చి, దాన్ని తనే కట్టింది.

నర్సింగ్ సేట్ వచ్చేసరికి హాలు నడుమ రెండు వరుసలు, వాటి మీద బిగించిన బట్ట, అటూ ఇటూ నిలబడ్డ పాత నేతగాళ్లు. ఆయన గుమ్మంలోనే ఆగిపోయి, కార్ఖానా మళ్లీ పెట్టారా అని అడిగాడు. హెప్సిబా ఆయన్ను బల్ల దగ్గర ఆయన కోసం ఉంచిన ఒక్క కుర్చీలో కూర్చోబెట్టి, కాసేపు చూడమంది.

సత్తెమ్మ వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని, గుమ్మంలో నిలబడింది. హాలు వంక చూడలేదు. చేతి కింది బట్ట వంక చూసుకుంటూ మొదటి అడుగు వేసింది. వెనకే హెప్సిబా. ఎవరూ దగ్గలేదు. సత్తెమ్మ ఆ కొత్త దుప్పటి దగ్గరికి రాగానే గంగాబాయి, "మెల్లగ రా అక్కా," అంది, తనకే వినపడనంత చిన్నగా.

చివరి కుర్చీ దాకా వచ్చేసరికి తేలిందేమిటంటే, కుర్చీలు అయిపోయాయి, నేల అయిపోలేదు. బల్లకూ ఆఖరి కుర్చీకీ మధ్య ఇంకా తెల్లటి నేల మిగిలి ఉంది. గాలయ్య దూరం సరిగ్గా అంచనా వేయలేదు. సత్తెమ్మ ఆగిపోయింది. పట్టుకున్న బట్ట ఆమె పిడికిట్లో ముడతలు పడింది. గాలయ్య హాలంతా కలయజూశాడు. ఒక్క కుర్చీయే కనిపించింది. దాని మీద నర్సింగ్ సేట్ ఉన్నాడు.

ఆయన నేరుగా వెళ్లి, "సేట్, జర లేస్తరా?" అన్నాడు.

సేట్ ఎందుకని అడగకుండానే లేచాడు. గాలయ్య కుర్చీని తెచ్చి వరుసలో పెట్టి, కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. సత్తెమ్మ దాని వీపు అందుకుంది. ఇక బల్ల కొంచెం దూరంలోనే ఉంది, కాని చెయ్యి చాపితే అందదు. ఆవిడ కళ్లు మూసుకోబోయింది. హెప్సిబా తన చెయ్యిని నడుముకు ఇంకా దగ్గరగా తెచ్చి, ఏం చేయాలో తోచక గాలయ్య వంక చూసింది.

గాలయ్య కుర్చీని నోవహు చేతికి అప్పజెప్పి, బల్ల దగ్గరికి వెళ్లి, సత్తెమ్మ కోసం వడ్డించి పెట్టిన కంచంలోంచి జొన్నరొట్టె తీసుకుని, తుంచి, ఆవిడ తొక్కులో అద్దుకుని తినడం మొదలుపెట్టాడు. ఒక ముక్క తిని, బాగుందన్నట్టు తలాడించి, రెండో ముక్క తుంచాడు.

"ఏయ్, నా కంచంల చెయ్యి వెడ్తున్నవా," అంది సత్తెమ్మ. అని, కుర్చీ వదిలి, ఆ నేల మీద గబగబా నడిచి వెళ్లి, ఆయన చేతి మీద ఒక్కటి వేసి కంచం లాక్కుంది. ఆయన తినే తీరును, ఆయన పుట్టిన ఊరును, ఆ రొట్టె ఎవరి కోసం చేశారన్న సంగతిని వరుసగా ఎత్తుకుంది. సగం తిట్టాక వెనక్కి తిరిగి తను వదిలేసి వచ్చిన కుర్చీని చూసింది. మిగతా సగం మరిచిపోయింది.

నర్సింగ్ సేట్ చాలాసేపు ఆ రెండు వరుసల వంక చూశాడు. ఆయన తల్లి కూడా అలాంటి సందుల్లోనే కండెలు పంచిందని హెప్సిబాకు ఆ రోజే తెలిసింది. సత్తెమ్మ ఎక్కడికీ పోదని, ఆ కుర్చీలు ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు అక్కడే ఉండనివ్వమని చెప్పాడు. చెప్పి, భోజనానికి కూర్చోబోయి, అటూ ఇటూ చూశాడు.

"కూసునెతందుకు ఏం లేదా?"

"అన్ని డ్యూటీల ఉన్నయి సేట్," అన్నాడు గాలయ్య.

నిజమే. కుర్చీలన్నీ బియ్యం సంచులు మోస్తూ, గాలయ్య ముడులతో ఒకదానికొకటి కట్టేసి ఉన్నాయి, సేట్ కుర్చీని కూడా ఈలోగా ఆ వరుసకే కట్టేశారు. వాటిని గాలయ్య విప్పినా, వంటింటి కత్తితో కోసినా సత్తెమ్మ తిరిగి గదికి వెళ్లడానికి దారి ఉండదు. కాబట్టి ఆ ఆదివారం ఆశ్రమం మొత్తం బల్ల చుట్టూ నిలబడి భోంచేసింది. కంచం ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో తింటూ, దేనికీ ఆనకుండా. నోవహు తూలలేదు. ఎన్నో రోజులుగా కుర్చీ దిగని గంగాబాయి కూడా తూలలేదు, రెండోసారి పప్పు కూడా వేయించుకుంది. సత్తెమ్మ గాలయ్య పక్కనే నిలబడి, నెమ్మదిగా తింటున్నాడని తిడుతోంది. హెప్సిబా అందరి కాళ్ల వంకా చూసుకుంటూ కడుపు నిండా తిన్నది.

బల్లకు ఆనుకుని, కాలు మార్చి కాలు మీద నిలబడుతూ, చెమట తుడుచుకుంటూ, రెండు ముద్దలకే గోడ పట్టుకున్నది ఒక్క నర్సింగ్ సేట్.

"సేట్, రేపటి సంది మీరు కూడ క్లాసుకు రాండి," అంది హెప్సిబా.